నీళ్లు నింపిన పడవ

మంగళవారం పొద్దున తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, వర్క్‌షాపు అటెండరు నన్ను చూసి సైకిలు దిగాడు. "మన మేస్త్రి పోయిండు సార్. తెల్లారంగనే పోయిండట. మూడు రోజుల సంది జ్వరమే," అన్నాడు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

మా క్యాంపస్‌లో చదివినవాళ్లు ఆయన్ని ఎరిగే ఉంటారు. వర్క్‌షాపు వడ్రంగి మేస్త్రి. మీరు కూర్చున్న బెంచీల్లో, ల్యాబు స్టూళ్లలో సగం ఆయన చేతివే. ఆయన గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని ఎవరైనా అడిగితే, ఏమీ లేదు. ఆయన కుడిచెయ్యి పోవడానికి కారణం నేను. ఆ సంగతి నిన్నటిదాకా ఇద్దరికే తెలుసు, ఆయనకూ నాకూ. ఇప్పుడు నేనూ నోరు మూసుకుంటే అది ఆయన చేసిన తప్పుగానే ఉండిపోతుంది.

రెండేళ్ల కిందట, అరవై ఆరు వేసవిలో, నేను కెమిస్ట్రీలో పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉండేవాణ్ణి. మేం ఆరుగురం కలిసి హబ్సిగూడ అవతలి చెరువులో సాయంత్రాలు షికారు తిరగడానికి ఒక పాత చెక్క పడవ సంపాదించాం. నలుగురు పడతారు, రెండు తెడ్లు. దానికి పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నార కుక్కి, తారు పూసి పెట్టింది మేస్త్రిగారే. డ్యూటీ అయ్యాక వచ్చేవారు. చెవి మీద బీడీ పెట్టుకుని, పనిలో పడి అంటించడం మరిచిపోయి, చీకటి పడేముందు దానితోనే ఇంటికి వెళ్లిపోయేవారు.

మే నెలలో ఈ ఊరి గాలిదుమారాలు మీకు తెలిసినవే. మూడింటిదాకా ఆకు కదలదు. నాలుగింటికి పడమట ఎర్రగా దుమ్ము లేస్తుంది, కాసేపటికి ఇళ్ల మీది రేకులు ఎగిరిపోతాయి. మబ్బు పట్టిందంటే చాలు, మేస్త్రిగారు సైకిలేసుకుని చెరువుకు పరిగెత్తేవారు. పడవను ఒడ్డు పక్కనే మోకాలి లోతుకు తెచ్చి, తెడ్లూ కూర్చునే పలకలూ బయట పెట్టేవారు. అడుగున గోనెసంచులు పరిచి, వాటి మీద రాళ్లు పేర్చేవారు. ఆ తర్వాత అడుగు రంధ్రానికి కొట్టిన కర్ర బిరడా పీకేవారు. నీళ్లు బుడబుడమని నిండి, పడవ నేలకు దిగి, అంచు మాత్రం పైకి కనిపించేది. తాడు వదులుగా కట్టేవారు.

"బిగియగట్టద్దు సారూ. జర ఊగనియ్యాలె. బిగిస్తే తెంపుకుంటది," అనేవారు. బిరడా తుడిచి అంగీ జేబులో వేసుకునేవారు. అది ఆయన జేబులో ఉన్నంతసేపు పడవ కదలదని ఆయన ధీమా.

నాకిదంతా నవ్వులాటగా ఉండేది. నేను కాకినాడవాణ్ణి. సముద్రం పక్కన పుట్టినవాడికి చెరువు పడవ గురించి ఒకరు చెప్పడమా? "ఏం మేస్త్రిగారూ, తుఫానొస్తుందని ముందే ఇల్లు కూల్చుకుంటామా?" అన్నానొకసారి.

"ఇల్లు లేవదు సారూ. పడవ లేస్తది," అన్నారాయన, తల ఎత్తకుండానే.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన అలాగే పడవ ముంచి వెళ్లారు. మర్నాడు పొద్దున్నే మా ఊరి స్నేహితులు షికారుకు వస్తున్నారు. నీళ్లు తోడి, ఆరబెట్టేసరికి పూట గడిచిపోతుంది. పైగా మబ్బు విడిపోయినట్టే కనిపించింది. నాకు ఒళ్లు మండింది. గట్టు మీద పశువులు కాసుకునే ఇద్దర్ని బతిమాలి, రాళ్లు తీసేసి, పడవను ఒడ్డుకు లాగించి, మా ఊళ్లో చేసినట్టే బోర్లించాను. ఉన్న ఒక్క తాడుతో గట్టు మీది మేకుకు బిగించి కట్టాను. మా ఊళ్లో మెత్తటి ఇసుకలో సగం కూరుకుని ఉంటాయి పడవలు. ఇక్కడ ఉన్నది బండనేల. ఆ మాత్రం ఆలోచన నాకు రాలేదు. ఈల వేసుకుంటూ హాస్టలుకు వచ్చేశాను.

అయిదింటికి కిటికీ రెక్కలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. చెరువుకు పరిగెత్తాను. నేను చేరేసరికి వానలో మేస్త్రిగారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నారు. తువ్వాలు ఎర్రగా ఉంది. తాడు సంగతి చూసుకుందామని వచ్చారట. బోర్లించిన పడవ అదురుతుంటే తాను తెచ్చిన ఇంకో తాడు వెయ్యబోయారు. అంచు కిందికి గాలి దూరింది. పడవ లేచి, తిరగబడి, ఆయన చేతిని బండకేసి నలిపేసింది.

"బిరడా నా జేబులనే ఉన్నది సారూ. పడవ బయటికి ఎట్లొచ్చింది?" అన్నారు.

చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆస్పత్రిలో మూడు వేళ్లు తీసేశారు. మర్నాడు వర్క్‌షాపు సూపరింటెండెంటు వచ్చి, పడవను ఒడ్డుకెవరు లాగారని అడిగాడు. నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. "నేనే సార్. ఆ పూట నా అకల్ పనిచెయ్యలే," అన్నారు మేస్త్రిగారు. నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. మూసుకున్నాను.

సూపరింటెండెంటు వెళ్లాక మెల్లగా అన్నారు: "మీ ఉద్యోగం కాయితాలు ఆఫీసుల ఉన్నయంటిరి గద. నాకింకో చెయ్యి ఉన్నది. మీకు పేరు ఒక్కటే ఉన్నది సారూ."

అప్పుడు నాకు ముందు కలిగింది ఊరట. సిగ్గు తర్వాత వచ్చింది. దాచడం దేనికి, ఆ వరుసలోనే వచ్చాయి. ఆ ఉద్యోగమే ఇవాళ నేను చేస్తున్నది.

మేస్త్రిగారిని స్టోరుకు మార్చారు. ఇతరులకు ఉలులూ చిత్రికలూ ఎడమచేత్తో అందించేవారు. ఇచ్చేముందు పదును ఎడమ బొటనవేలి గోటి మీద చూసుకునేవారు. కుర్రాళ్లు "పడవ మేస్త్రి" అని ఎగతాళి చేస్తే ఆయనా నవ్వేవారు. ఒకసారి ఉండబట్టలేక, వెళ్లి నిజం చెప్పేస్తానన్నాను. ఆయన నా మీద కోపపడింది ఆ ఒక్కసారే. "ఇప్పుడు చెప్తే వేళ్లు మొలుస్తయా? అబద్ధమాడిండని నా పేరు గుడ పోతది. ఊకోండ్రి!"

ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు సుఖంగానే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం తార్నాకలో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"రెండేండ్లు తిట్టిన బిడ్డా," అంది. "ఇంతకాలం పనిచేసినోడివి, పైలంగ ఉండొద్దా, నీ చెయ్యి నువ్వే పోగొట్టుకుంటివని దినాం తిట్టిన. బువ్వ పెట్టుకుంట తిట్టిన. ఒక్కనాడు ఎదురు చెప్పలే."

ఆమె వాకిలి బయటికి, పడమటి వైపు చూసింది.

"ఇగ లే, పో. గాలొస్తున్నది," అని ఆమె గోడ వైపు తిరిగింది.

లేచాను. పడమట దుమ్ము ఎర్రగా లేస్తోంది. వాకిట్లో దండెం మీద ఆయన అంగీ ఉంది. గాలికి చేతులు రెండూ ఎగురుతున్నాయి. జేబు ఉన్న వైపు మాత్రం ఎగరడం లేదు. లోపల ఏదో గుండ్రంగా, బరువుగా కిందికి లాగుతోంది.