ఎవరి సొంతమూ కాని భాష

మొన్న ఆకివీడు వెళ్తుంటే బస్సు కిటికీలోంచి కొల్లేటి గాలి నాచు వాసనతో ముఖానికి కొట్టింది. సుగుణకాంతం గారు గుర్తొచ్చారు.

ఏలూరులో నేను లెక్కల టీచరుగా చేరిన బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. పోలండు ప్రాంతంలో ఒక కంటి వైద్యుడు, తన ఊళ్ళో నాలుగు భాషల వాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం భరించలేక, అందరికీ ఉమ్మడిగా ఎస్పెరాంటో అనే భాషను కల్పించాడట. దాన్ని ఆవిడ పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. స్టాఫ్‌రూములో కొందరు ముసిముసిగా నవ్వేవారు. ఎందుకండీ ఇది, అని ఒకసారి నేనే అడిగాను.

"ఇంగ్లీషు మాట్లాడాలంటే మీకు భయం కదండీ? అది వేరేవాళ్ళ ఇల్లు. ఇది ఎవరి సొంతమూ కాదు. ఇద్దరూ చుట్టాలుగానే వస్తారు," అన్నారు.

ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజులవి. అక్కడ ఆవిడకు ఈమెయిల్ ఉత్తరాలతో పరిచయమైన హంగరీ నర్సు ఇలోనా, కొల్లేటి గూడబాతుల్ని చూడటానికి వస్తానంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. స్టేషనుకు నన్ను తోడు రమ్మన్నారు. ప్లాట్‌ఫారం మీద సుగుణకాంతం గారు ఏవో మాటలు తనలో తానే పలికి చూసుకుంటున్నారు.

"ఇన్నేళ్ళూ ఈ భాష నా గొంతులో తప్ప ఇంకెక్కడా వినలేదండీ. నేను పలికేది అసలు ఆ భాషేనో కాదో," అన్నారు.

రైలు దిగిన ఇలోనాతో ఆవిడ మెల్లగా ఏదో అన్నారు. ఇలోనా బదులు చెప్పకుండా ఆవిడ ముఖంలోకే చూస్తూ నిలబడింది. తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని, "మి కొంప్రేనాస్ విన్," అంది. మీ మాట నాకు అర్థమవుతోంది, అని.

మర్నాడు ఆటపాక దగ్గర పడవలో ఇద్దరూ పక్షుల సంగతే మరిచిపోయారు. ఇలోనా ఏదో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. సుగుణకాంతం గారు ఆమె చేయి పట్టుకుని, నావైపు తిరిగి, "వాళ్ళమ్మాయి పోయిందటండీ. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేకపోయిందట," అన్నారు. ఎక్కడి తల్లి దుఃఖమో, పుస్తకాల్లో నేర్చిన మాటలు పట్టుకుని, కొల్లేటి నీళ్ళ మీద ఈ పెద్దావిడ దాకా నడిచొచ్చింది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఎస్పెరాంటో నాకు పట్టుబడలేదు. ఇప్పుడు పెదవేగిలో పనిచేస్తున్నాను. పామాయిల్ తోటల్లో పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పాప ఒకతె, బళ్ళో చేరినప్పటి నుంచీ నోరు విప్పలేదు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని, వాళ్ళ భాషలోనే పాపను పేరు అడిగాను. తప్పు పలికినట్టున్నాను. పాప నవ్వింది. తర్వాత ఆ మాటను నెమ్మదిగా, నాకు పట్టుబడేదాకా, మళ్ళీ మళ్ళీ పలికి వినిపించింది.