ఒరిగిన చెట్టు కింద టికెట్ల గది

పడవలాయనకి భయపడటం జీతం లేని ఉద్యోగం. పొద్దున్నే ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. గ్యాస్ కట్టేశావా అని భార్యని అడిగేవాడు. కట్టేశానంటే, నీకు బాగా గుర్తుందా అని మళ్లీ మొదలు. "ముందు అనుమానం పుట్టింది, తర్వాత ఈయన పుట్టాడు" అని ఆమె నలుగురిలో చెప్పి నవ్వేది. ఆ నవ్వే ఒకరోజు ప్రాణం మీదకి తెచ్చింది.

పార్కు చెరువులో తొక్కుడు పడవలు నడిపించే పని ఆయనది. గట్టు మీద రేకు గదిలో కూర్చుని టికెట్లు చింపే పని ఆమెది. ఒక స్టూలు, మేకుకి గొడుగు, టీ ఫ్లాస్కు, చెయ్యి పట్టేంత కిటికీ, ఇదీ గది. నీడ కోసం దాన్ని పెద్ద చెట్టు మొదట్లోనే పెట్టించుకుంది.

ఆయన ఏ పని చేసినా వంక పెట్టే సందు ఉండదు. ఎండాకాలం పడవలు బురదలో కూరుకుపోతున్నాయని నీళ్లు బయటికి పోయే తూముకి అడ్డంగా ఇంకో పలక బిగించాడు. నీళ్లు గట్టు అంచుదాకా వచ్చాయి. ఎక్కేవాళ్ల కాళ్లు జారకూడదని అంచున ఉన్న గడ్డినంతా వేళ్లతో సహా గీకేశాడు. చెరువు కళకళలాడుతోందని జనం అంటే మనిషి పొంగిపోయాడు.

కొన్నాళ్లకి అవతలి మూల ఒక చెట్టు పైనుంచి ఎండుతూ వచ్చింది. ఆకులు చిన్నవైపోయి, పసుపుపచ్చగా మారి, రాలిపోయాయి. దాన్ని కొట్టెయ్యడానికి వచ్చినవాడు ఆయన బావమరిదే, చెట్లు నరకడం అతని వృత్తి.

"వేళ్లకీ గాలి కావాలి బావా. నీళ్లలో నానితే ఊపిరాడక కుళ్లిపోతాయి," అన్నాడు.

నీళ్లు మొదట్నుంచీ ఇంత ఎత్తున ఉంటే చెట్లు దానికి తగ్గట్టే పెరిగేవట, మధ్యలో పెంచితేనే చిక్కట. వెలుతురు కోసం కొమ్మలు ఎలాగూ నీటివైపే సాగుతాయి, బరువంతా అటే పడుతుంది. అటువైపు వేళ్లు కుళ్లి, మట్టిని పట్టుకునే గడ్డి లేక గట్టు కరిగిపోతే చెట్టు దేన్ని పట్టుకుని నిలబడుతుంది? పెద్ద చెట్టు కూడా ఒరిగిందని, అది పడితే వెనకవైపు, గది ఉన్న నేల మూతలా లేస్తుందని చెప్పి, ఇంతకీ నీళ్లు ఎవరు పెంచారని అడిగాడు. పడవలాయన తేలు కుట్టిన దొంగలా పడవ తాడు చుట్టడంలో పడ్డాడు.

పలక తీస్తే పడవలు బురదలో దిగబడతాయి. అందరికీ సెలవులు, పడవలకి గిరాకీ ఉన్న రోజులు. అవి అయ్యాక తీద్దామనుకున్నాడు. కానీ కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు అయిందన్న దిగులుతో ముద్ద దిగేది కాదు. చెట్టు పడుతుంది, గది మార్చుకోమని భార్యని రోజూ పోరేవాడు. అది తను చేసిన పనివల్లేనని మాత్రం చెప్పలేదు. చెట్టు నీళ్లవైపు ఒరిగింది, నేను ఇటువైపు ఉన్నాను, పడితే నీ పడవల మీదే పడుతుంది, నువ్వే జాగ్రత్త అని ఆమె తీసిపారేసింది. నేల లేస్తుందంటే, గోరంతని కొండంత చెయ్యడం నీకు వెన్నతో పెట్టిన విద్య అంది. వింటున్నవాళ్లంతా ఆమె పక్షమే.

రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున, టికెట్ల కోసం వరస కట్టారు. గది తలుపు సరిగ్గా పడటం లేదని ఆయన వెనక్కి వెళ్లి చూశాడు. గది వెనక నేల బీటవారి ఉంది. చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగింది. పైన ఆకులు కదిలినప్పుడల్లా ఆ బీట తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

కిటికీ దగ్గరికి వచ్చి, బయటికి రమ్మన్నాడు. ఆమె నవ్వింది, వరసలో వాళ్లూ నవ్వారు.

"నీళ్లు పెంచింది నేను. గడ్డి గీకింది నేను. మీ తమ్ముడు చెప్పినా నోరు మూసుకున్నాను. ఇది నా భయం కాదు, నా చేతులారా చేసింది," అన్నాడు.

ఏమవుతుందో అని ఆయన అనగా ఆమె లక్షసార్లు విన్నది. నేను చేశాను అనడం అదే మొదటిసారి. ఆమె మొహంలో నవ్వు పోయింది. ఫ్లాస్కు కూడా తీసుకోకుండా లేచి వచ్చేసింది. ఆమె వెనకే వరస కూడా దూరం జరిగింది.

వాళ్లు గట్టు పక్క దారి దాటారో లేదో, నేల లోపల బట్ట చినిగినట్టు చప్పుడైంది. గాలి కూడా లేదు. చెట్టు మెల్లగా నీళ్లలోకి వాలింది. దానితో పాటే నేల లేచి, రేకు గదిని ఎత్తి బోర్లా పడేసింది. ఆమె కూర్చునే చోట మట్టీ వేళ్లూ నిలువునా నిలబడ్డాయి. నీటివైపు వేళ్లు మాత్రం జానెడు కూడా లేవు, నల్లగా కుళ్లి కంపు కొడుతున్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె తిట్టి ఉంటే ఆయనకి బాగుండేది, తిట్టలేదు. గట్టంతా ఒకసారి చూసి, మిగతా చెట్ల కింద బెంచీల మీద కూర్చున్నవాళ్లని లేపి పంపించింది. ఆయన తూము దగ్గరికి పరిగెత్తాడు. నానిన పలక ఉబ్బి, ఎంత లాగినా రాలేదు. ఆమె వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది. పలక ఊడి, నీళ్లు హోరున పోయాయి. ఆ ఊపుకి పడబోయిన ఆయన చెయ్యి ఆమె పట్టుకుంది.

కుళ్లిన వేళ్లు తిరిగి వస్తాయా అని ఆమె అడిగింది. రావని బావమరిది అప్పుడే చెప్పాడు. మిగతా చెట్లలో ఏది నిలబడుతుందో, ఏది పడుతుందో ఆయనకి తెలియదు. ఆ మాటే అన్నాడు.

"నాకు ఎప్పుడు చెబుదామనుకున్నావు?" అంది.

"సెలవులు అయ్యాక."

ఆమె బోర్లా పడిన గది వైపు చూసింది.

"సెలవులు ఇంకా అవలేదుగా," అంది, ఆయన చెయ్యి వదలకుండానే.