గడ్డకు కట్టిన రెండు దారాలు

ఈ రోజు కర్నూలు ఆసుపత్రిలో నా బీటెక్ పట్టా పరువు పోయింది.

మా మామ మగ్గం నేస్తాడు. తొడలో నిమ్మకాయంత గడ్డ లేస్తే, నొప్పి లేదు కాబట్టి మగ్గం గుంటలో కూర్చున్నందుకే వచ్చిందని ఏడాది పాటు తోసేశాడు. చివరికి అది కండలో వచ్చే అరుదైన క్యాన్సరని తేలింది. మూడు వారాల కిందట చుట్టూ ఉన్న మంచి కండతో సహా కోసి తీశారు. ఏ పక్కనైనా కాస్త మిగిలిందేమో చెప్పే ల్యాబ్ రిపోర్టు ఈ రోజు వచ్చింది. మిగిలితే కాలికే ఎసరు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ముందుగా తీసేసిన గడ్డ ఫోటో చూపించింది. దానికి ఒక పొడవాటి దారం, ఒక పొట్టి దారం వేలాడుతున్నాయి. కుట్లు వేస్తూ మర్చిపోయారేమోనని నేను గంభీరంగా సందేహం వెలిబుచ్చాను.

మామ నన్ను జాలిగా చూశాడు. "గురుతురా అది. యా పక్క పైనో, యా పక్క కిందో ల్యాబోళ్లకి తెలియల్ల కదా. నేతలో తప్పు పడితే మేమూ ఆడ దారం కడతాం. అంతేనా మేడమ్?"

"అంతేనప్పా. యా పక్కా ఏమీ మిగల్లేదు. కాలు నీదే. ఇంక కాలికి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నాక మగ్గం ఎక్కు."

జానెడు దారం ఒక మనిషి కాలికి కాపలా కాస్తుందని నాకు నాలుగేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. మామ మాత్రం బస్సులో దారి పొడవునా ఆమె వేసిన ముడిని మెచ్చుకుంటూనే ఉన్నాడు.

నొప్పి లేని గడ్డను మగ్గం మీదకో కుర్చీ మీదకో నెట్టేసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే కామెంట్లో చెప్పండి. మామను పంపిస్తాను.