చిల్లు పడని మూత

ఆ పూట వీబ్కె టెర్హోర్స్ట్‌కి ఏడుపొక్కటే తక్కువ. జర్మనీలో రూర్ నది ఒడ్డున, ముల్‌హైమ్ ఊరి ప్రయోగశాలలో, సెలవులు కూడా మానుకుని, ఒకే పని పట్టుకు వేలాడుతోందా పిల్ల. రసాయన చర్య నడుమ ధనావేశంతో ఓ కార్బన్ ముక్క పుడుతుంది. అదెంత పెంకిదంటే, రెప్పపాటు కూడా బతకదు, ఆ కాస్తలోనే అందినదాన్నల్లా వాటేసుకుంటుంది. అందువల్ల కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాంటి రెండు రూపాలు సగంసగం తయారవుతాయి. మందుకి పనికొచ్చేది వాటిలో ఒక్కటే. వీబ్కె చేసిన పెద్ద ఆమ్లపు అణువు గడ్డకట్టే చలిలో ఆ పెంకిదాన్ని ఒళ్లో అదిమిపట్టి, ఒక్క వైపు నుంచే జతకట్టనివ్వాలి.

"ఇదే ఆఖరుసారి. ఈసారీ సగంసగమే వస్తే ఈ పని ఆపేద్దామమ్మా," అన్నాడు ప్రొఫెసర్ లూట్కెస్ మెత్తగా. మెత్తగా చెబితే మాత్రం గుండె పగలదా?

రూపాలను విడదీసే యంత్రం తెర మీద రూపానికొకటి చొప్పున రెండు శిఖరాలు లేచాయి, కవలల్లా సరిసమానంగా.

"అయిపోయిందే గెజీనా! ఇన్నాళ్ల చాకిరీ బూడిదపాలైంది."

"ముందా ముక్కు తుడుచుకోవే తల్లీ," అంది పక్క బల్ల దగ్గర పనిచేసే గెజీనా. "నీ మొహం చూసి నా కాఫీ విరిగేలా ఉంది."

సీసాలు పారేద్దామని యంత్రంలోంచి తీసింది వీబ్కె. పోల్చి చూసుకోడానికి, కావాలనే సగంసగంగా చేసిన నమూనాను ముందు ఒక్కసారి పరీక్షించడం అక్కడి ఆనవాయితీ. ఆ సీసా రబ్బరు మూతకి సూది చిల్లులు రెండున్నాయి. ఆఖరి ప్రయోగం సీసా మూతకి ఒక్కటీ లేదు.

"గెజీనా! సూది దీన్ని ముట్టుకోనే లేదే!"

"అంటే నమూనానే రెండుసార్లు పెట్టి ఏడ్చావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

ఈసారి సరైన సీసా పెట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి తెరకేసి చూశారు. ఒకే శిఖరం నిటారుగా లేచింది, దాని పక్కన చిన్న బొడిపె. అమ్మయ్య! వీబ్కె నేల మీద చతికిలబడి, నవ్వుతూనే భోరుమంది.

ఆ చప్పుడుకి వచ్చిన లూట్కెస్ తెర చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"తప్పు సీసా పెట్టానండీ, ప్రొఫెసర్ గారూ."

"తప్పు చేసినవాళ్లు కేకు తేవాలి, తెలుసుగా? ఆల్‌బకరాలు దండిగా వెయ్యి," అంటూ గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "పని మాత్రం ఆపకు."

ఏ తప్పుకీ అంత సంబరంగా పిండి కలపలేదు వీబ్కె.