అవ్వ కలిపిన పిడికెడు పిండి

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను "లోకంలో నీకు అన్నిటికంటే ఇష్టమైంది ఏది?" అని అడిగి ఉంటే, అమ్మానాన్నల కంటే ముందు పావ్ రొట్టె పేరు చెప్పి, ఆ తర్వాత నాలిక కరుచుకుని ఉండేదాన్ని. బొంబాయి కామాటిపురాలో పుట్టిన తెలుగు పిల్లకు ఇదేమంత వింత కాదు. పొద్దున్నే పావ్‌వాలా సైకిల్ బెల్లు వినిపిస్తే వరస గదుల మా చాల్ మొత్తం గ్యాలరీల్లోకి వచ్చేసేది. వేడి పావ్‌ను చాయ్‌లో ముంచి, అది మెత్తబడి తెగి గ్లాసులో పడే లోపల నోట్లో పెట్టుకోవడంలో మా అంతస్తులో నన్ను మించినవాళ్లు లేరు. (ఇది గొప్ప కాదని నాకూ తెలుసు. కానీ నాకు వేరే గొప్పలేవీ లేవు.) పొద్దున పావ్, మధ్యాహ్నం చపాతీ, సాయంత్రం వడాపావ్, మధ్యమధ్యలో బిస్కట్లు. ఇంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. చాల్‌లో అందరూ నన్ను 'కాడీ' అనే పిలిచేవాళ్లు. మరాఠీలో పుల్ల అని. పుల్లకు కడుపు మాత్రం రోజూ ఉబ్బేది, రోజూ నొప్పి పెట్టేది. అమ్మ దిష్టి తీసి తీసి అలసిపోయింది.

పంతొమ్మిదో ఏట ఫాక్‌లాండ్ రోడ్డు దగ్గర ఒక కళ్లద్దాల దుకాణంలో బిల్లులు రాసే ఉద్యోగం దొరికింది. చేరిన రెండో వారమే ఒక పెద్దాయనకు అద్దాలు తొడిగి "ఇప్పుడు కనిపిస్తోందా అంకుల్?" అని అడుగుతూ నేనే కళ్లు తిరిగి పడిపోయాను. ఆసుపత్రిలో రక్తం తీశారు, గొంతులోంచి గొట్టం దించారు, రక్తం బాగా తక్కువుందన్నారు, చివరికి సీలియాక్ అన్నారు. గోధుమలో ఉండే ఒక పదార్థం నా పేగులకు పడదట. గోధుమపిండి, మైదా, రవ్వ, అన్నీ జీవితాంతం బంద్. నేను చాలాసేపు ఆలోచించి, "పావ్ తినొచ్చు కదా సార్, అది మైదా కదా, గోధుమ కాదు కదా" అని అడిగాను. ఆ డాక్టరు షోలాపూర్ వైపు మనిషి, నిదానస్తుడు. మైదా దేనితో చేస్తారో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నేను అక్కడే ఏడ్చేశాను. జబ్బు వచ్చినందుకు కాదు, పావ్ పోయినందుకు.

మా చాల్‌కు ఈ జబ్బును అర్థం చేయించడం డాక్టరు వల్ల కూడా అయ్యే పని కాదు. మూడో గది అత్త బిందె దించుకుంటూ, "షుగర్ రోగం విన్న, బీపీ విన్న. గోధుమల రోగమేందే? పైసలున్నోళ్ల రోగం నీకెట్ల తగులుకున్నది?" అంది. అందరిలోకీ సంతోషించింది ఒక్కరే, మా నాయనమ్మ. మేము అవ్వ అనేవాళ్లం. పాలమూరు నుంచి తాతతో పాటు కూలికి వచ్చి, ఈ ఊళ్లో ఎన్ని మేడలకు మాలు మోసిందో లెక్క లేదు. "గీ బిల్డింగులన్ని జొన్న రొట్టె కట్టింది, చపాతి గాదు" అనేది. కానీ నాన్నకు నెలజీతం ఉద్యోగం వచ్చాక మా ఇల్లు చపాతీలకు ఎదిగింది. పొద్దున్నే అవ్వ పీట మీద దబదబా రొట్టె కొడుతుంటే కింది అంతస్తు వాళ్లు చీపురు కట్టతో తమ కప్పును పొడిచేవాళ్లు. అమ్మకు నామోషీ అయి రొట్టెలు మాన్పించింది. నేనూ తక్కువదాన్ని కాదు. బళ్లో డబ్బా తెరిస్తే జొన్న రొట్టె కనిపించిందని ఒకరోజు అన్నం తినకుండా వచ్చి అవ్వ మీద అలిగాను. ఆ తర్వాత అవ్వ ఏళ్ల తరబడి చపాతీ తిన్నది. ఎవరినీ ఏమీ అనలేదు. "కాయిదం నమిలినట్టుంటది" అని మాత్రం అప్పుడప్పుడు అనేది.

డాక్టరు జొన్నలు తినొచ్చన్నాడని నేను చెప్పగానే అవ్వ లేచి కూర్చుంది. "మల్ల చెప్పు. ఏమన్నడు?"

"జొన్న రొట్టె తినుమన్నడవ్వా."

"పెద్ద దవఖాన డాక్టరేనా?"

"ఆయనే."

అంతే. కొంగు నడుముకు చెక్కి గ్యాలరీ పొడవునా గదిగదికీ వెళ్లి చెప్పి వచ్చింది. (నా జబ్బు సంగతి కాదు, డాక్టరు జొన్న రొట్టె తినమన్న సంగతి.) అమ్మ పొయ్యి అప్పగించింది కానీ ఒక షరతు పెట్టింది. "మూడు నెలలల్ల పోరికి రక్తం ఎక్కాలె అత్తా. ఎక్కకపోతే నీ రొట్టెలు బస్. దుకాన్ల అమ్మే స్పెషల్ డబ్బ పిండి తెస్త, నేనే చేస్త." అవ్వ నవ్వి ఊరుకుంది. మా ఇంట్లో రెండు పిండి డబ్బాలు పక్కపక్కన వెలిశాయి. మిగతావాళ్లకు గోధుమపిండి, నాకు జొన్నపిండి. జొన్నపిండి డబ్బాకు అమ్మ ఎర్ర దారం కట్టింది.

చెప్పకూడదు గానీ, మొదటి నెల ఆ రొట్టెలు తినడం శిక్షే. అవ్వ చేతిలో తప్పు లేదు. ఉడుకునీళ్లు పోసి పిండి కలిపేది, చెమట కారేలా మర్దించేది. అయినా అంచులు పగిలేవి, చల్లారితే అట్టముక్కలయ్యేవి. "గీ బొంబాయి జొన్నలల్ల జిగురే లేదు బిడ్డా, ఎన్నేండ్ల కిందటివో" అని నొచ్చుకునేది. నేను బాగుందనే చెప్పేదాన్ని. కానీ నా ముఖానికి అబద్ధం చేతకాదు. సగం రొట్టె తుంచి గ్యాలరీలో పావురాలకు వేయడం అవ్వ చూసింది. పావురాలు కొంచెం ఆలోచించి తినడం కూడా చూసింది.

ఇక్కడే నా పాపం సంగతి చెప్పాలి. దుకాణంలో నాలుగు గంటలకు అందరికీ వడాపావ్ వచ్చేది. పచ్చిమిర్చి, వెల్లుల్లి చట్నీ, వేడి పావ్, ఆ వాసన వస్తుంటే నేను బిల్లు పుస్తకంలో తల దూర్చేదాన్ని. ఎంత కోరిక ఉండేదంటే, వాళ్లు తిని పడేసిన కాగితం మీది నూనె మరకను చూసినా కళ్లలో నీళ్లు వచ్చేవి. ఒకరోజు ఇక ఆగలేక ఒకటి కొనుక్కుని, ఆగి ఉన్న టెంపో వెనక్కి వెళ్లి, గోడ వైపు తిరిగి తిన్నాను. పెళ్లి కాని పిల్ల మా వీధుల్లో అలా ఎవరి కంటా పడకుండా నిలబడితే జనం ఏమేమో అనుకుంటారు. వడాపావ్ తింటోందని మాత్రం ఎవరూ అనుకోరు. మా దేవుడికి దండం పెట్టి, ఇదే ఆఖరిదని ఒట్టు వేసుకున్నాను.

ఆ వారంలోనే ఒక వింత జరిగింది. పొద్దున దుకాణంలో టిఫిన్ డబ్బా తెరిస్తే రొట్టె మెత్తగా ఉంది. మడిస్తే విరగలేదు. మధ్యాహ్నానికి కూడా విరగలేదు. జొన్నల తీపి, పెనం మీది కమ్మటి మాడు వాసన, నోట్లో పెట్టుకుంటే నములుతున్నట్టే లేదు. ఇంటికి రాగానే "అవ్వా, ఎంత మెత్తగ చేసినవే. రేపు గూడ గిట్లనే చెయ్" అన్నాను. అవ్వ ముఖం చూడాలి అప్పుడు. "చెయ్యి మల్ల అలవాటు పడ్డది బిడ్డా" అంది. అప్పటి నుంచి పూటకు మూడు తినేదాన్ని. పావురాలు మా గ్యాలరీ వదిలేశాయి. పావ్ లేకుండా బతకొచ్చని నాకు మొదటిసారి అనిపించింది ఆ రొట్టెల వల్లనే.

బతకడం మాత్రం కష్టంగానే ఉంది. కడుపు మళ్లీ ఉబ్బింది, నొప్పి ముదిరింది. ఆ వడాపావ్ పాపమే ఇలా పట్టి పీడిస్తోందని నాకు గట్టి నమ్మకం. అందుకని బయటి చాయ్ కూడా మానేసి, ఆ బలహీనతకు విరుగుడుగా అవ్వ రొట్టెలు ఇంకొకటి ఎక్కువ తిన్నాను. ఎంత తింటే అంత నీరసం. అమ్మ నా కింది కనురెప్పలు లాగి చూసి, తర్వాత పొయ్యి వైపు చూసేది. అవ్వ ఆ చూపును చూడనట్టు రొట్టె కొట్టేది.

మూడు నెలలయ్యాక అమ్మకు పనిలో సెలవు దొరకక, అవ్వే పెట్టెలోని జరీచీర కట్టుకుని నాతో ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు కాగితాలు తిప్పి, ఏమీ తగ్గలేదు, ఎక్కడో గోధుమ పోతోంది అన్నాడు. అవ్వ చేతి పొయ్యి పోతుందని భయం వేసింది. వెంటనే ఒప్పేసుకున్నాను. "సార్, వడాపావ్ తిన్నాను. ఒకటి." (మూడు. ఇన్నేళ్ల తర్వాత మీకు మాత్రం నిజం చెబుతున్నాను.) డాక్టరు తల అడ్డంగా ఊపి, ఇది ఎప్పుడో ఒకటి తిన్న లెక్క కాదు, రోజూ జరిగేది, ఇంట్లో ఏం తింటున్నావు అని అడిగాడు. అన్నం, పప్పు, అవ్వ చేసే జొన్న రొట్టె అన్నాను. డబ్బా నా సంచిలోనే ఉంది. తెరిచి చూపించాను.

డాక్టరు రొట్టెను మడిచాడు. మళ్లీ విప్పాడు. "మా అమ్మ జన్మంతా జొన్న భాకరీ చేసింది. పొద్దున చేసింది మధ్యాహ్నానికి ఇంత మెత్తగా ఎప్పుడూ లేదు. ఎలా చేస్తారు ఆజీ?" అని అవ్వను హిందీలో అడిగాడు.

ఏళ్ల తరబడి ఎవరూ అడగని మాటను ఒక పెద్ద డాక్టరు అడిగాడు. అవ్వ పొంగిపోయి, కుర్చీ ముందుకు జరుపుకుని, తన హిందీలో రహస్యం విప్పింది. "క్యా నై సాబ్. ఏక్ ముట్టీ గేహూ కా ఆటా మిలాతీ. బస్." పిడికెడు గోధుమపిండి కలుపుతానని. పిడికిలి పట్టి ఎంతో కూడా చూపించింది.

డాక్టరు నన్ను చూశాడు, నేను అవ్వను చూశాను. అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆయన చపాతి పెట్టొద్దన్నడు గదనే. నేను చపాతి పెట్టలే" అంది నాతో. పట్టిన పిడికిలి అలాగే ఒళ్లోకి దించుకుంది. నాకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది.

బస్సులో అవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఫోరస్ రోడ్డు దగ్గర నా వైపు తిరిగింది. "పోరి పావురాలకేస్తున్నది, ఆకలికుంటున్నదనుకున్న. నా చేత్తోని నీకు విషం పెట్టిన" అంది. "నేను దొంగతనంగా వడాపావ్ తిన్న గద అవ్వా, ఇద్దరం ఇద్దరమే" అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పుడే పని నుంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే అడిగింది, ఏమన్నడు డాక్టర్ అని. అవ్వ నోరు తెరిచేలోగా నేను చెప్పేశాను. "గిర్నిల గోధుమలు పట్టినంక మన జొన్నలు పట్టిండంట. గోధుమపిండి కలిసిందంట." అమ్మ ఆ మాట పూర్తిగా వినకుండానే చెప్పులు వేసుకుని పిండి మర మీదికి పోయింది. ఏ పాపం ఎరుగని ఆ గిర్నీ ఆయన తిట్లన్నీ తిని, ఆ రోజు నుంచి పొద్దున్నే మర కడిగి మా జొన్నలు మొదట పట్టేవాడు. (అలా పట్టించాల్సిందేనని డాక్టరు తర్వాత చెప్పాడు. నా అబద్ధానికి ఆ మర్యాద దక్కింది.) పొయ్యి అవ్వ దగ్గరే ఉంది. మళ్లీ అట్టముక్కలే. నేను ముఖం నిమ్మళంగా పెట్టుకుని ఆఖరి తునక దాకా తినేదాన్ని, అవ్వ ఎదురుగా కూర్చుని నా దవడలు ఆడడం చూసేది. కొన్ని నెలలకు రక్తం ఎక్కింది. అవ్వ మళ్లీ గ్యాలరీ పొడవునా తిరిగి చెప్పి వచ్చింది.

అవ్వ పోయి ఐదేళ్లు. ఇప్పుడు రొట్టెలు నేనే చేసుకుంటాను, కింది అంతస్తు వాళ్లు ఏమీ అనరు, వాళ్లకూ ఇప్పుడు షుగరు వచ్చి జొన్నలే తింటున్నారు. పావ్‌వాలా బెల్లు వినిపిస్తే ఇంకా చెవులు నిక్కుతాయి గానీ, ఆ ఆశ మెల్లగా సద్దుమణిగింది. సద్దుమణగనిది వేరే ఉంది. పెనం మీద నా రొట్టె మూడు ముక్కలుగా పగిలినప్పుడు, పక్కనే ఉన్న మా ఇంట్లోవాళ్ల గోధుమపిండి డబ్బా వైపు నా చెయ్యి దానంతటదే వెళ్తుంది. మూత దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. అవ్వను ఒక్కసారి ఆ మెత్తటి రొట్టె చేయమని అడగాలనిపిస్తుంది, అందులో ఏముందో తెలిసీ. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ "అవ్వా, రేపు గూడ గిట్లనే చెయ్" అని అడిగిన ఆ కాడీ గుర్తొస్తుంది. దాన్ని చూసి నవ్వుకుంటూ, పగిలిన ముక్కలను పెనం మీదే దగ్గరికి జరిపి కాల్చుకుంటాను.