గాల్వేలో గోడ

పొరపాటున కాలు దేనికైనా తగిలితే ఇప్పటికీ నాకు నెవార్క్ ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే ఆ రైలూ, ఎదురు సీట్లోని ఆ పెద్దాయనా గుర్తొస్తారు.

ఆయన బూటు నా బ్యాగుకు తగిలింది. వెంటనే వంగి, బ్యాగును తాకి, వేళ్లు కళ్లకద్దుకున్నారు. అంతకుముందు నా ఫోన్ మాటలు విన్నారేమో, “చూసుకోలేదమ్మా” అని తెలుగులోనే అన్నారు.

“ఎక్కణ్నుంచి అంకుల్?” అని అడిగాను.

“ఐర్లండ్‌లో గాల్వే అని చిన్న సిటీ. మా ఆవిడ ప్లాన్ చేసిన ట్రిప్” అంటూ జేబులోంచి నలిగిన కాగితం తీసి చూపించారు. గుండ్రటి తెలుగు అక్షరాల్లో జాబితా. శనివారం సంత, నది పక్కన స్పానిష్ ఆర్చ్, సముద్రం ఒడ్డున నడక. అన్నిటికీ టిక్కులున్నాయి. చివరి లైనుకు మాత్రం లేదు: ‘నడక అయ్యాక గోడను తన్నాలి. ఇద్దరం!’

“అక్కడ అదో ఆనవాయితీ అమ్మా. ఒడ్డు చివరిదాకా నడిచినవాళ్లంతా ఆ గోడను ఒక తన్ను తన్ని వెనక్కి తిరుగుతారు.”

“ఆంటీ రాలేదా?”

“దేశం దాటితే మళ్లీ వీసా స్టాంపింగ్, అది ఆగితే జాబ్ పోతుందని ఏటా నేనే పోస్ట్‌పోన్ చేశాను. గ్రీన్‌కార్డ్ వచ్చాక వెళ్దామన్నాను. అది మార్చిలో వచ్చింది. తను జనవరిలోనే పోయింది.”

కాగితంలో టిక్కు లేని ఆ చివరి లైను వైపు చూశాను.

“మరి గోడను తన్నలేదా అంకుల్?”

“తన్నాను. అలవాటు పోదు కదా, వెంటనే దాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. వెనకాల ఎవరో ఫక్కున నవ్వారు.”

ఆయన కాగితాన్ని పాత మడతల మీదే మడిచారు.

“తనే అనుకుని తిరిగి చూశాను.”