పెదనాయన చేతిలో పెట్టిన ఓట్లు

మొన్న మా మనవడు గేటుకు ఎర్ర రంగు వేయిస్తుంటే ఆ వాసన వరండా దాటి లోపలికి వచ్చింది. ఇంట్లో అందరూ తలనొప్పి, తలనొప్పి అంటూ కిటికీలు మూసుకున్నారు, నేను మాత్రం కుర్చీ గేటు దగ్గరికే వేయించుకుని కూర్చున్నాను. ముసలామెకు ఇదేం పిచ్చి అనుకుని ఉంటారు, అనుకోనీ. ఆ వాసన తగిలితే చాలు, నేను మార్కాపురంలో మా పెదనాయన ఇంటి వసారాలో ఉంటాను.

పెదనాయన అంటే మా నాయనకు అన్న. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పొయ్యి, ఒకే పెరడు. అప్పట్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, కర్నూలు మద్రాసు కింద ఉండేది, మా పెదనాయన ఆ మద్రాసు శాసనసభకు మెంబరు. ఆయన పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు, ఊరందరికీ "మెంబరు నాయన". పొడుగాటి మనిషి, ముక్కుమీద కోపం, మాట్లాడితే వీధి చివరికి వినపడేది. సీతాఫలాల కాలంలో నల్లమల వైపు నుంచి గంపలకు గంపలు దిగితే, వాటిని గడ్డిలో మాగబెట్టి, ఏది మెత్తబడిందో నొక్కి చూసే అధికారం తనొక్కడిదే అన్నట్టు పొద్దున్నే వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. మేం పిల్లలం పలకల గనుల దగ్గర పారేసిన రాతి ముక్కలు ఏరుకొచ్చి, వాటితో వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతూ, ఆయన లోపలికి ఎప్పుడు పోతాడా, ఒక పండు ఎప్పుడు లాగుదామా అని చూసేవాళ్ళం. కొర్రన్నం మీద ఉలవచారు, దాని మీద వెన్న, పక్కన పెద్దమ్మ తిట్లు. ఆ రుచి ఏ ఊళ్ళోనూ మళ్ళీ దొరకలేదు నాకు.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. మనసుకు దగ్గరైనవాళ్ళకు ఏదిచ్చినా చేతిలోనే పెట్టాలి. కొత్త పంట ఇంటికి రాగానే తొలి చేరెడు గింజలు తెచ్చిన రైతు, పెద్దాయన బయటికి వచ్చి దోసిలి పట్టేదాకా ఎండలో నిలబడేవాడే గానీ, అరుగు మీద పెట్టి పోయేవాడు కాదు. అరుగు మీద పెట్టి పోతే, ఇక మీకూ మాకూ చెల్లు అన్నట్టే లెక్క. ఒకసారి మా నాయన పని తొందరలో ఉండి, "ఆడ పెట్టి పోప్పా" అన్నందుకు ఒకాయన శనగల మూట మళ్ళీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. పెదనాయన ఆయన వెనకే వీధి చివరిదాకా పరిగెత్తి, బతిమాలి, చేతులు చాపి తీసుకొచ్చాడు. ఆ రోజు మా నాయనకు పడిన అక్షింతలు ఇన్నీ అన్నీ కావు.

పెదనాయన ఎన్నికల్లో గెలిచింది నేను పుట్టకముందు. గెలిచిన ఏడే కొనకనమిట్ల వైపు పల్లెలకు అడ్డంగా పారే ఒక వాగు మీద వంతెన మంజూరు చేయించాడు. వానాకాలం ఆ వాగు దాటలేక పురుడు పోసుకోవాల్సిన ఆడవాళ్ళు ఆ గట్టునే ప్రాణాలు విడిచిన సంగతి ఆయన కనపడినవాళ్ళకల్లా చెప్పేవాడు. రెండు స్తంభాలు లేచాయి. ఇంతలో యుద్ధం వచ్చింది, మంత్రులు రాజీనామా చేశారు, పని ఆగిపోయింది. సభ కూర్చోకపోయినా ఆయన ఆ వంతెన కోసం మద్రాసు పోయి ఆఫీసుల చుట్టూ తిరిగి, రైలు మసితో నల్లబడి ఇంటికి వచ్చేవాడు. "ఇంకొక్కసారి గెలిస్తే చాలు, ఆ వంతెన మీద బండి తోలి మరీ దిగిపోతా" అనేవాడు. ఆయనకు ఇంకే కోరికా ఉండేది కాదు.

యుద్ధం ముగిశాక ఎన్నికలు వచ్చాయి. ఆ రోజుల్లో భూమిశిస్తు కట్టేవాళ్ళకూ, కాస్త అక్షరం ముక్క వచ్చినవాళ్ళకూ తప్ప ఓటు లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డబ్బా. తెర వెనక్కి పోయి, మనకు కావలసిన రంగు డబ్బాలో చీటీ వెయ్యాలి. పెదనాయనది ఎరుపు. వడ్లాయనతో అచ్చం అలాంటి చెక్క డబ్బా చేయించి, వసారాలో రంగు వేయించి ఆరబెట్టి, దాన్ని బండికెక్కించుకుని ఊరూరా తిరిగి చూపించాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. చీటీ ఎలా మడవాలో, ఎక్కడ వెయ్యాలో నా చేత వేయించి చూపిస్తుంటే నేను కలెక్టరంత గర్వంగా వేశాను. వాగు అవతలి పల్లెలో పిచ్చయ్య అనే పెద్ద రైతు, ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన మాటే మాట, అంతా శ్రద్ధగా చూసి తల ఊపాడు. ఆ తర్వాత వాళ్ళు చేసింది తెలియక కాదు, అన్నీ తెలుసు.

పోలింగు అయిన మర్నాడు పొద్దున్నే మా వీధిలో డప్పులు వినిపించాయి. బండ్ల మీద బండ్లు, ఎద్దుల కొమ్ములకు పూలు. పిచ్చయ్య ముందు దిగి, తలపాగా విప్పి, మడత పెట్టిన చీటీ తీసి రెండు చేతులతో పెదనాయన చేతిలో పెట్టాడు. ఆయన వెనక ఒక్కొక్కరూ రొంటినుంచీ, తలపాగాలోనుంచీ చీటీలు తీస్తున్నారు. తెర వెనక డబ్బాలో వెయ్యకుండా, ఎవరికీ కనపడకుండా దాచుకుని తెచ్చారు.

"పోయినసారి నువ్వెవరో మాకు తెల్దు నాయనా, డబ్బాలో ఏసినాం. ఇప్పుడు మనోడివైతివి. మనోడికి ఇచ్చేది తెర ఎనకాల పడేసి పోతామా? సిగ్గుండొద్దా మాకు?" అన్నాడు పిచ్చయ్య.

మా నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, కొంప మునిగిందని చెప్పు వాళ్ళకు" అన్నాడు.

"నోరు మూసుకోని మజ్జిగ తెప్పించు" అన్నాడు పెదనాయన.

అందరి దగ్గరా రెండు చేతులు చాపి తీసుకున్నాడు. పెద్దమ్మ చేట తెచ్చి పట్టుకుంటే చేట నిండింది. వాళ్ళు మజ్జిగ తాగి, గెలిచినట్టే కేకలు వేస్తూ వెళ్ళిపోయారు. తర్వాత కర్నూలు నుంచి కబురొచ్చింది. ఆయన ఓడింది ఆ చేటలో ఉన్నన్ని ఓట్లతో కూడా కాదు, అంతకంటే తక్కువ తేడాతో.

వారం తిరక్కుండానే పిచ్చయ్య ఒక్కడే వచ్చాడు. "అందరం ఇస్తిమి గదా నాయనా, ఏమాయె?"

"మీరిచ్చినారు. నేనే వద్దన్నా. మద్రాసు నీళ్ళు నాకు పడలేదు" అన్నాడు పెదనాయన, నేల చూస్తూ.

"మరి మా వంతెన?"

"ఇంకొకరు కడతార్లే."

పిచ్చయ్య మజ్జిగ చెంబు సగంలోనే కింద పెట్టాడు. పోయొస్తానని కూడా అనకుండా లేచిపోయాడు. పెద్దమ్మ ఏడుస్తూ, "లేని నింద ఎందుకు నెత్తిన పెట్టుకుంటివి?" అని నిలదీస్తే, "వాళ్ళ చేతుల్తోనే వంతెన పోయిందని తెలిస్తే ఇంకెవరికైనా ఏదైనా మనసారా ఇస్తారా?" అన్నాడాయన. అంతే, ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎత్తనివ్వలేదు.

ఆయన రాజకీయ జీవితం ఒక గెలుపు, ఒక ఓటమి, అంతటితో సరి. మళ్ళీ నిలబడలేదు. కొత్త పంట కాలంలో ఆ వైపు నుంచి గింజలు రావడం ఆగిపోయింది. అయినా ఆయన పొద్దున్నే వసారాలో కూర్చుని వీధి వైపు చూసేవాడు. ఆయన పోయిన రోజు ఊరంతా వచ్చింది, వాగు అవతలి నుంచి ఒక్క బండి రాలేదు. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. చెప్పి ఉంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేవాళ్ళు, ఆయన్ను పోగొట్టుకునేవాళ్ళు కాదు, ఆయనా వాళ్ళను పోగొట్టుకునేవాడు కాదు. మంచితనానికైనా ఒక హద్దుండొద్దా?

ఇప్పుడు ఆ వసారా లేదు, దాని మీద సెల్‌ఫోన్ల దుకాణం లేచింది. రంగు డబ్బాలు పోయాయి, మీట నొక్కితే కూత వినపడుతుంది. చేతిలో పెట్టడాలు, దోసిలి పట్టడాలు ఎవరికీ తెలియవు. పోయిన ఎన్నికల్లో ఓటు వేసి ఆటోలో ఇంటికి వస్తుంటే, ఆ నడిపే పిల్లవాడు అద్దంలోనుంచి నన్ను చూసి, "అవ్వా, మీరు మెంబరోళ్ళంట గదా? పిచ్చయ్య మా ముత్తాత" అన్నాడు.

"మా ముత్తాత సొంతంగా తన చేత్తో మీ పెదనాయనకు ఓటిచ్చినాడంట. అంత నమ్మి ఇస్తే, ఆయన పదవి ఒద్దని కూర్చున్నాడంట. మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. నిజమేనా అవ్వా?"

నిష్ఠూరంగా అడగలేదు, నవ్వుతూనే అడిగాడు. ఇక బాధపడేవాళ్ళెవరూ మిగల్లేదు, ఇప్పుడన్నా చెప్పేద్దామని నోరు తెరిచాను. "తన చేత్తో" అన్నప్పుడు ఆ పిల్లవాడి ముఖం వెలిగిపోతోంది.

"నిజమే నాయనా, ఆయనే వద్దన్నాడు" అన్నాను.